కరీం బాషా స్టాప్‌వాచీ

పాత పోస్టాఫీసు వెనక సందులో గడియారాలు బాగుచేసే కరీం బాషాని టైమెంతైందని అడిగితే చెప్పలేడు. ఎంతసేపైందని అడిగితే మాత్రం సెకన్లతో సహా చెబుతాడు.

ఆయన దుకాణం గోడకి ఇరవై ఆరు గడియారాలున్నాయి. ఏ రెండూ ఒక్క మాట మీద ఉండవు. ఒకటి పొద్దున్న తొమ్మిదంటే పక్కది మధ్యాహ్నం మూడంటుంది. మేడ మీద ఇంటి అమ్మాయి ఫర్హా కాలేజీకి పరిగెత్తుతూ, అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర తల లోపలికి పెట్టి, "టైమెంతైంది దాదా?" అంటుంది. ఆ సందులో పిల్లలందరికీ ఆయన దాదా, అంటే తాతయ్య. దాదా కంటికున్న భూతద్దం తీయకుండానే, "ఎప్పట్నుంచి?" అంటాడు. ఫర్హాకి బస్సు తప్పిపోతుంది.

ఇదీ ఆయన జబ్బు. మెడలో నల్లతాడుకి ఒక స్టీలు స్టాప్‌వాచీ. ఎప్పుడో ఒక ఓడ కెప్టెను బాగుచేయమని ఇచ్చాడు. వాచీ బాగైంది, ఓడ వెళ్లిపోయింది. చాలా ఏళ్లు డ్రాయరులో పడున్న ఆ వాచీని రెండేళ్ల కిందట ఒకరోజు బయటికి తీసి మెడలో వేసుకున్నాడు. అంతే, ఆ రోజునుంచి సందులో ఏదీ ఆయన బొటనవేలు దాటి జరగలేదు.

ఎదురు బండి మీద సన్యాసమ్మ దోశ పోస్తే టక్. దోశ ఆకులో పడితే టక్.

"రెండు నిమిషాల పది సెకన్లు. నిన్న ఒకటీ యాభై రెండే. ఏటి సన్యాసమ్మా, మనసు బాలేదేటి?"

"మనసుకేటైంది బావూ! పెనం సల్లారిపోనాది. నువ్వలా తాళిబొట్టు నాగ ఆ యంత్రం పట్టుకుని సూత్తావుంటే నాకు సెయ్యాడక సత్తన్నాను!"

రెండు నిమిషాల్లో జగదాంబ జంక్షనులో దింపుతానన్న ఆటోవాణ్ని పదకొండు నిమిషాల నలభై సెకన్ల రుజువుతో ఆయన అక్కడే నిలదీశాడు. ఆటోవాడు దండం పెట్టి, "తాతా, ఇంకెప్పుడైనా నడిచెళ్లిపో" అన్నాడు. మేనల్లుడి నిఖాకి వెళ్లి, పెళ్లికొడుకు మూడుసార్లు ఖబూల్, అంటే ఒప్పుకున్నానని, చెప్పిన వేగం కూడా కొలిచాడు. మొదటిది రెండు సెకన్లు, రెండోది రెండు సెకన్లు, మూడోదానికి తొమ్మిది. భోజనాల దగ్గర పెళ్లికూతురి తండ్రి పక్కన కూర్చుని, "కుర్రాడు మంచోడే. ఆఖర్న కొంచెం ఆలోసించాడంతే" అన్నాడు. ఆ తర్వాత ఆ కుటుంబం ఆయన్ని బారసాలకి పిలిచింది గాని, వాచీ ఇంట్లో వదిలి రమ్మని ముందే కబురంపింది.

మేడ మీద షరీఫున్నీసా కూతురు ఫర్హాని తిడుతుంటే కింద నుంచి దాదా గొంతు వినబడేది. "ఆరు నిమిషాలు షరీఫమ్మా! ఇంకొక్క నిమిషం లాగావంటే రికార్డు!"

"చాచా! మీరు పెద్దోరని ఊరుకుంటన్నాను!" అని పైనుంచి సమాధానం వచ్చేది. రికార్డు మాత్రం తప్పిపోయేది, ఎందుకంటే ఆవిడకి నవ్వొచ్చేసేది.

తిట్లన్నీ ఒక్కదాని గురించే. ఖోఖో.

ఫర్హా డిగ్రీ రెండో సంవత్సరం. నలుగురిలో నోరు విప్పదు. క్లాసులో హాజరు పలికినా పక్క బెంచీకి వినబడదు. కాని ఖోఖో గీతల మధ్య నిలబెడితే వేరే మనిషి. వరసగా కూర్చున్న ఎనిమిదిమంది మధ్యనుంచి చేపపిల్లలా జారిపోతుంది. తరిమేవాళ్లకి చున్నీ అంచు కూడా చిక్కదు. ఎంతసేపు దొరక్కుండా ఉంటే అంత గొప్ప ఆ ఆటలో.

చిక్కు తర్వాత వస్తుంది. పరిగెడుతున్నంతసేపూ ఏమీ ఉండదు. బయటికొచ్చి, మంచినీళ్లు తాగి, భుజం తట్టినవాళ్లు అటు వెళ్లాక మొదలవుతుంది. ముందు గొంతులో గరగర. తర్వాత పొడిదగ్గు. ఆ తర్వాత ఛాతీ మీద ఎవరో బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టుంటుంది. ఊపిరి వదిలితే లోపల సన్నగా ఈల. అది ఎవరికీ వినబడకుండా ఫర్హా గ్రౌండు చివర నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లిపోయేది. ఆయాసపడుతున్న తనని ఎవరైనా చూడటం కంటే ఆయాసమే నయమనిపించేది ఆమెకి.

దీన్ని ఎవరూ నమ్మలేదు.

"పరిగెట్టినంతసేపు నేని ఆయాసం, కూకున్నాక ఏటొత్తాదమ్మా? ఇది బయ్యం, మరేటీ కాదు" అనేవాడు ఖోఖో నేర్పే అప్పలసూరి మాస్టారు.

"గ్రౌండులో లేడిపిల్ల! ఇంటికొచ్చి గిన్నెలు తోమమంటే దగ్గు! నాకు తెలీదా నీ నాటకాలు?" అనేది అమ్మ. అంటూనే వీపు రాసేది.

చిన్నప్పుడు ఫర్హాకి ఉబ్బసం ఉండేది. పదేళ్లొచ్చేసరికి పోయిందనుకున్నారు. అప్పట్లో ఇచ్చిన పీల్చే మందుని షరీఫున్నీసా, అలవాటైపోతుందన్న భయంతో, ఎప్పుడో పారేసింది. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, కుదిరేది మర్నాడు పొద్దున్నే. ఆపాటికి ఛాతీ అద్దంలా ఉండేది. ఆ వీధి చివరి డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, గొట్టం ఊదించి, "ఏమీ లేదమ్మా, గ్యాసు" అని మాత్రలు రాశాడు. ఫర్హా ఆరు నెలలు గ్యాసు మాత్రలు మింగింది. అవి చాలా బాగా పనిచేశాయి. గ్యాసు రాలేదు.

కరీం బాషా రోజూ పొద్దున్నే ఆ గ్రౌండుకి వచ్చేవాడు. షుగరుంది, నడవమన్నారట. వచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చునేవాడు.

"మరి నడవరా?" అని పిల్లలు అడిగితే, "నడిసేవోళ్లని సూత్తన్నాను కదా. సగం గుణం అందులోనే ఉంది" అనేవాడు.

అప్పలసూరి మాస్టారికి ఊరికే దొరికిన టైమ్‌కీపరు. ఎవరెంతసేపు దొరక్కుండా ఆడారో చెప్పడానికి వేరే మనిషి అక్కర్లేదు. కాకపోతే ఆ చెప్పడంలోనే ఒక ఇబ్బంది ఉంది. "పద్మ ఒక నిమిషం ఇరవై. లత నలభై ఏడు సెకన్లు. ఆ గోడ మీద కాకి నాలుగు నిమిషాలనుంచి కదల్లేదు మాస్టారూ, దానికి ఒంట్లో బాలేదేమో." అంతా ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేవాడు. కాకితో సహా.

ఫర్హాకి సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. పోనీ సాయంత్రమైనా తప్పించుకుందామా అంటే, ఇంటి మెట్లు ఆయన దుకాణం పక్కనుంచే. ఆమె కాలు మెట్టు మీద పడగానే టక్.

"ఏంటి దాదా, నేను మెట్లెక్కడం కూడానా?"

"నువ్వొక్కదానివేటి? ఇప్పుడే మీ పిల్లి ఎక్కింది. ఏడు సెకన్లు. నీకు ముప్పై ఒకటి. పిల్లి నయం."

ఒక్క విషయంలో మాత్రం ఫర్హా లోలోపల ఆయనకి రుణపడి ఉండేది. లోకంలో ఉన్నవన్నీ కొలిచే ఆ మనిషి, దోశల్నీ ఆవలింతల్నీ వదలని ఆ మనిషి, తన దగ్గు ఊసు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. పాపం చెవులు సరిగ్గా వినబడవేమో అనుకునేది.

యూనివర్సిటీ జట్టు ఎంపికలు పందొమ్మిది రోజుల్లో ఉన్నాయనగా అసలు గొడవ జరిగింది. డిసెంబరు చలి పొద్దు, ప్రాక్టీసు మ్యాచి. ఫర్హా మూడు నిమిషాలు దొరకలేదు. చప్పట్లు. పది నిమిషాల తర్వాత రెండో విడత అంటే, పిల్ల లేదు. ట్యాంకు వెనక గోడ పట్టుకుని, పెదాలు పాలిపోయి, మాట రాకుండా నిలబడి ఉంది. అప్పలసూరి మాస్టారు భయపడిపోయి ఆటోలో ఎక్కించి ఇంటికి తెచ్చాడు.

"అమ్మా, పిల్ల బంగారం. కాని గ్రౌండులో ఏదైనా అయితే నాను సమాదానం సెప్పలేను. పేరు తీసేత్తన్నాను."

"తీసెయ్యండి మాస్టారూ. పీడా పోతాది" అంది షరీఫున్నీసా. ఆయన వెళ్లాక కూతురి వైపు తిరిగింది. "ఇంక చాలు. సెలవుల్నుంచి నా పక్కన కూకుని జాకెట్లు కుట్టు. ఖోఖో మాట ఈ ఇంట్లో వినబడకూడదు."

ఫర్హా బూట్లు విప్పి, మట్టి దులిపి, పాత పేపర్లో చుట్టి మంచం కిందకి తోసింది. ఆ రోజు షరీఫున్నీసా తిట్లు పదిహేను సెకన్లు కూడా లేవు. కింద కరీం బాషాకి అదే అన్నిటికంటే పెద్ద తిట్టులా వినిపించింది.

ఆయన మెట్లెక్కి వచ్చాడు. ఇరవై రెండు మెట్లు. రెండేళ్లలో మొదటిసారి వాచీ నొక్కడం మర్చిపోయాడు.

"షరీఫమ్మా, నాకో పూట ఇవ్వు. రేపు మధ్యాన్నం ముగ్గురం ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికెళ్దారి. ఆ తర్వాత నువ్వేటంటే అదే."

"గ్యాసని సెప్పారు కదా చాచా?"

"గ్యాసో కాదో రేపు తేలిపోద్ది. నా పుస్తకం కూడా వత్తాది."

"దోశల పుస్తకమా?"

"అదే."

డాక్టరు మధులత వయసు ముప్పై అయిదు దాటదు. టేబులు మీద పెట్టిన పొడుగాటి నోటుబుక్కుని తెరిచి చదవడం మొదలుపెట్టింది. "సన్యాసమ్మ దోశ, ఒకటీ యాభై రెండు. పోర్టు సైరను, పద్నాలుగు సెకన్లు. షరీఫమ్మ కోపం, ఆరు..." తలెత్తి, "ఇదేంటండీ?" అంది.

షరీఫున్నీసా మొహం దాచుకుంది. ఫర్హాకి కుర్చీ కిందకి దూరిపోవాలనిపించింది.

"అది కాదమ్మా. ఎర్ర సిరాతో 'ఫ' అని ఉన్నవి సూడండి."

డాక్టరమ్మ చూసింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ. ఈసారి పైకి చదివిన గొంతు వేరుగా ఉంది.

"ఫ. పరుగు ఆరు నిమిషాలు. ఆగాక నాలుగో నిమిషంలో దగ్గు మొదలు. తొమ్మిదో నిమిషంలో బాగా ఎక్కువ. నలభై ఒకటో నిమిషానికి ట్యాంకు వెనకనుంచి వచ్చింది. ఫ. పరుగు ఐదు నిమిషాలు, చలి, పొడిగాలి. దగ్గు ఎక్కువ. ఫ. వాన పడి వెలిసింది, గాలి తడిగా ఉంది. దగ్గు తక్కువ. ఫ. ముందు చిన్న చిన్న పరుగులు ఏడు తీసింది, కాసేపాగి అసలు ఆట ఆడింది. దగ్గు సగానికి సగం లేదు." ఆవిడ పుస్తకం మీద చెయ్యి పెట్టి, "ఎన్నాళ్లు రాశారండీ ఇది?" అంది.

"రెండేళ్ల మూడు నెలలమ్మా. నా పనే అది. కొందరు గడియారం తెత్తారు. ఇంట్లో ఆగిపోతందంటారు. నా బల్ల మీద పెడితే సుబ్బరంగా ఆడుద్ది. నీ గడియారం బానే ఉంది పో అని పంపేసేవోడు ఉత్త మెకానిక్కు. అలాంటిదాన్ని విప్పకూడదు. పక్కన కూకోవాలి. ఎప్పుడాగుతందో, ఎంతసేపాగుతందో రాసుకోవాలి. ఈ పిల్లని కూడా డాక్టర్లు ఆడేటప్పుడు సూసారు, ఆగేటప్పుడు సూడలేదు."

మధులత పుస్తకం మూసింది. ఫర్హా చేత ఊపిరి జోరు కొలిచే గొట్టం ఊదించింది. నాలుగొందలు. పక్కగదిలో నడకల యంత్రం మీద ఎనిమిది నిమిషాలు గట్టిగా పరిగెత్తించింది. దిగగానే మళ్లీ ఊదించింది. నాలుగొందల పది.

"సూసారా! ఏటీ నేదు!" అంది షరీఫున్నీసా.

"ఆగండి" అన్నారు ఇద్దరు, ఒకేసారి. ఒకరు డాక్టరమ్మ. రెండోవారి బొటనవేలు స్టాప్‌వాచీ మీద ఉంది.

ఐదు నిమిషాలకి మూడొందల ముప్పై. ఫర్హా దగ్గింది. ఈసారి దాక్కోడానికి ట్యాంకు లేదు. పది నిమిషాలకి రెండొందల ఎనభై. గదిలో నలుగురికీ ఆ సన్నటి ఈల వినబడింది. షరీఫున్నీసా లేచి కూతురి వీపు మీద చెయ్యి వేసింది. ఈసారి నాటకమనలేదు.

డాక్టరమ్మ మందు పీల్పించింది. పావుగంటకి మళ్లీ మూడొందల తొంభై.

"ఇది ఉబ్బసమేనమ్మా, పోలేదు, పరుగు తీసినప్పుడు బయటపడుతోంది" అని చెప్పింది మధులత. "పరిగెత్తేటప్పుడు నోటితో బోలెడు గాలి పీలుస్తాం. ఆ గాలిని తడిపీ వెచ్చబెట్టీ ఊపిరి గొట్టాలు లోపల ఎండిపోతాయి. మనందరికీ అంతే. ఉబ్బసం ఉన్నవాళ్ల గొట్టాలకి మాత్రం కోపం ఎక్కువ, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. అదీ పరిగెడుతుండగా కాదు, చాలామందికి ఆగిన ఐదు పది నిమిషాలకి. ఒక అరగంటా గంటకి దానంతటదే వదులుతుంది. అందుకే మర్నాడు చూసినవాళ్లకి ఏమీ కనబడదు. ముందుగా చిన్న చిన్న పరుగులు తీస్తే ఆ గొట్టాలు కొంతసేపు గమ్మునుంటాయి. అది కూడా ఈయన రాశారు."

"అయితే ఆడకూడదు కదా?" అంది షరీఫున్నీసా. అడగలేక అడిగినట్టుంది.

"ఎందుకాడకూడదు? రోజూ పొద్దునా సాయంత్రం ఒక మందు పీల్చాలి, మానకుండా. ఆటకి పావుగంట ముందు ఇంకొకటి. ఒళ్లు వేడెక్కించుకుని దిగాలి. నెలకోసారి నాకు చూపించాలి. అంతే."

"పీల్చే మందు అలవాటైపోద్దంటారమ్మా..."

"అలవాటైపోతుందని మీ కళ్లజోడు తీసేసి జాకెట్లు కుడతారా?"

షరీఫున్నీసా కళ్లజోడు సర్దుకుంది.

మందులకోసం అమ్మ కిందకి వెళ్లింది. బయట బల్ల మీద కూర్చుని ఫర్హా ఆ నోటుబుక్కుని ఒళ్లో పెట్టుకుని మొదటి పేజీ తెరిచింది. మొదటి పేజీలో దోశల్లేవు. పిల్లి లేదు. సైరను లేదు. అంతా ఎర్ర సిరా. ఫ, ఫ, ఫ. రెండో పేజీ కూడా అంతే. మూడో పేజీ సగంలో ఒక వాక్యం: "ఫ ఇవాళ అడిగింది, దాదా నన్నెందుకు చూస్తున్నారు అని. మొహం మాడిపోయింది." దాని కింద నాలుగు తేదీలు, ఎదురుగా ఖాళీ. ఆ నాలుగు రోజులూ ఫర్హాకి గుర్తే. దాదా కంట పడకూడదని పక్కసందు చుట్టు తిరిగి దొడ్డిదారిన ఇంటికొచ్చింది.

నాలుగో పేజీలో మొదటి వరస నీలం సిరా. "సన్యాసమ్మ దోశ, ఒకటీ యాభై ఎనిమిది." రెండో వరస పిల్లి. మూడో వరస ఆటో. ఆ తర్వాత సందు సందంతా. ఆ గుంపులో ఎక్కడో ఒక మూల, కనబడీ కనబడకుండా, ఎర్రగా ఒక ఫ.

"దాదా," అంది ఫర్హా. మొదటి పేజీ మళ్లీ తిప్పి చూసింది. తర్వాత, "నా ఒక్కదాన్నే చూస్తే నేను సిగ్గుపడతానని... ఊరందరి దగ్గరా పిచ్చోడనిపించుకున్నారా?"

కరీం బాషా వాచీకి తాళం తిప్పుతున్నాడు. "నీ ఒక్కదాని దగ్గర టక్ మంటే నువ్వు పారిపోతావు. అందరి దగ్గరా టక్ మంటే నాకు పిచ్చంటారు. నాకేటి నట్టం? పిచ్చోడి షాపుకి బేరాలు కూడా పెరిగాయి."

"మరి ఆ దోశల లెక్కలు ఉత్తుత్తివేనా?"

ఆయన నొచ్చుకున్నాడు. "అదేటి మాట? దోశలు నిజమే! పిల్లి కూడా నిజమే!"

ఎంపికల రోజు పొద్దున్న అప్పలసూరి మాస్టారి చేతిలో, పిల్ల ఆడొచ్చని డాక్టరమ్మ రాసిన చీటీ ఉంది. ఫర్హా ఆటకి పావుగంట ముందు, ట్యాంకు వెనక కాదు, గ్రౌండు మధ్యలో అందరెదురుగా నిలబడి మందు పీల్చింది. కాని ఎవరూ చూడటం లేదు, ఎందుకంటే సరిగ్గా అదే నిమిషానికి కరీం బాషా వచ్చి, ఎంపికలకొచ్చిన పెద్దమనిషి ఆవలింత పదకొండు సెకన్లని గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఆమె చిన్న పరుగులు ఏడు తీసింది. తర్వాత ఆడింది. మూడు నిమిషాల ఇరవై రెండు సెకన్లు తరిమేవాళ్లకి దొరకలేదు.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఫర్హా వచ్చి సిమెంటు బెంచీ మీద దాదా పక్కన కూర్చుంది. అటువైపు షరీఫున్నీసా. జీవితంలో మొదటిసారి ఆవిడ గ్రౌండుకొచ్చింది. ముగ్గురూ ఆట వైపు చూడలేదు. ముల్లు వైపు చూశారు. నాలుగు నిమిషాలు. ఐదు. ఏడో నిమిషంలో ఫర్హా రెండుసార్లు దగ్గింది. షరీఫున్నీసా చెయ్యి గాల్లోకి లేచింది. తొమ్మిది. పది. దగ్గు మళ్లీ రాలేదు. పన్నెండో నిమిషంలో, "ఫర్హా! రెండో విడతకి రా!" అని అప్పలసూరి మాస్టారు కేకేశాడు.

ఫర్హా లేచి వెళ్లింది.

"ఎంతయింది చాచా?" అంది షరీఫున్నీసా, కళ్లజోడు తుడుచుకుంటూ.

"ఎప్పట్నుంచి?" అన్నాడు కరీం బాషా.

జట్టు జాబితాలో ఆమె పేరు నాలుగోది. ఇప్పుడు ఊళ్లు తిరిగి ఆడుతోంది. సంచిలో రెండు మందులుంటాయి, పైజేబులోనే. సందులోకి రాగానే మెట్ల దగ్గర టక్ మంటుంది. ఒకసారి షరీఫున్నీసా, "పిల్ల బాగైంది కదా, ఇంక ఆ యంత్రం డ్రాయర్లో పెట్టెయ్యండి" అంది. ఎదురుబండి నుంచి సన్యాసమ్మ ఒక్క అరుపు అరిచింది: "వద్దమ్మా! బావు కొలవకపోతే నాకు దోశ కుదరట్నేదు!"

ఆ పొడుగాటి నోటుబుక్కు నిండిపోయింది. ఆఖరి వరస ఫర్హా రాసింది, ఎర్ర సిరాతో, ఆయన చాయ్‌కి వెళ్లినప్పుడు దొంగతనంగా:

"క. నోరు విప్పని ఒక అమ్మాయి పక్కన కూర్చున్నది: రెండేళ్ల ఎనిమిది నెలల పందొమ్మిది రోజులు. ఇంకా లేవలేదు."

కరీం బాషా తిరిగొచ్చి, భూతద్దం పెట్టుకుని, దాన్ని చాలాసేపు చదివాడు. ఫర్హా మెట్ల మీద ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆయన తలెత్తాడు.

"అంతా బావుంది బేటీ. సెకన్లు రాయనేదేటి?"